యేసు దైవత్వాన్ని లేఖనాల్లో అధ్యయనం చేసేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

నరసాపురం, పాలకొల్లు, రాజోలు, అమలాపురం చుట్టుపక్కల గృహ కూడికల్లో యేసు ఎవరన్న విషయం మీద మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాము. జవాబులన్నిటి వెనుకా ఒకే పద్ధతి ఉంది. పాత నిబంధన ఒక్క దేవునికే ప్రత్యేకించిన పనులు, అధికారాలు, ఘనతలు ఏమిటో ముందు తెలుసుకొని, ఆ తరువాత కొత్త నిబంధన వాటిలో వేటిని యేసుకు చెల్లిస్తున్నదో చూడాలి. విడి వచనాలు ఏరుకొని వాదానికి దిగడంతో పోలిస్తే ఇది నెమ్మదిగా సాగే పని, కాని నిలబడే పని. వచనాలను మన మందిరాల్లో వాడుకలో ఉన్న పాత తెలుగు అనువాదం నుంచే ఉదహరించాము కనుక బైబిలు పక్కన తెరిచి పెట్టుకొని చదవండి.

"నేను దేవుడను, నన్ను ఆరాధించుడి" అని యేసు ఎక్కడైనా చెప్పాడా?

కువైట్, దుబాయ్ వంటి చోట్ల పనిచేస్తున్న మన కోనసీమ వాళ్ళు తోటి పనివారి నోట ఈ ప్రశ్న విని, ఫోను చేసి ఇక్కడివారిని అడుగుతూ ఉంటారు. సూటిగా చెప్పాలంటే, ఆ వాక్యం ఆ రూపంలో నాలుగు సువార్తల్లో ఎక్కడా లేదు. దాన్ని ఒప్పుకోవడానికి జంకనక్కరలేదు. లేని వచనాన్ని ఉన్నట్టు చెప్పబోతేనే మన మాటకు విలువ పోతుంది.

అయితే ఆయన "నేనే క్రీస్తును" అని కూడా ఊరూరా చాటుకోలేదు. పేతురు ఆయనను క్రీస్తుగా ఒప్పుకున్నప్పుడు ఆ సంగతి ఎవరితోనూ చెప్పవద్దని ఖండితంగా ఆజ్ఞాపించాడు (మార్కు 8:29-30). విచారణకు ముందు తానే క్రీస్తునని ఆయన తేటగా చెప్పింది బావి దగ్గర ఒంటరిగా ఉన్న ఒక సమరయ స్త్రీతో (యోహాను 4:26). కాబట్టి బహిరంగ ప్రకటన దొరకనంత మాత్రాన విషయమే లేదని తేల్చేయడం సువార్తల తీరు తెలియకపోవడమే. ప్రవక్తలు "యెహోవా సెలవిచ్చునదేమనగా" అని నోరు తెరిచేవారు. కొండమీది ప్రసంగంలో యేసు ధర్మశాస్త్రపు మాటను ఎత్తి చూపి, వెంటనే "నేను మీతో చెప్పునదేమనగా" అంటాడు (మత్తయి 5). సమస్త జనములను తన సింహాసనం ఎదుట నిలబెట్టి తీర్పు తీర్చేది తానేనంటాడు (మత్తయి 25:31-46). తన నామమున ఇద్దరు ముగ్గురు ఎక్కడ కూడుకొన్నా వారి మధ్య తాను ఉంటానంటాడు (మత్తయి 18:20). నజరేతు నుంచి వచ్చిన ఒక వడ్రంగి ఈ మాటలు అంటున్నాడని గుర్తుంచుకొని చదివితే, ఆ ఒక్క వాక్యం కోసం వెతికేవారు అంతకన్నా బరువైన వాటిని దాటిపోతున్నారని తెలుస్తుంది.

అధ్యయనం యోహాను సువార్తతోనే మొదలుపెట్టాలా?

అక్కరలేదు. యోహానును చివరికి ఉంచుకోవడమే మేలని మా అభిప్రాయం. మొదట ద్వితీయోపదేశకాండము 6:4 చదవండి: "ఇశ్రాయేలూ వినుము. మన దేవుడైన యెహోవా అద్వితీయుడగు యెహోవా." భక్తిగల యూదులు దినదినం పలికే ఒప్పుకోలు ఇదే. తరువాత యెషయా 40 నుంచి 48 వరకు ఉన్న అధ్యాయాలను తొందరపడకుండా చదవండి. అక్కడ యెహోవా తన మహిమను మరి ఎవరికీ ఇవ్వనివాడు (42:8), మొదటివాడు, కడపటివాడు (44:6), ఎవరి సాయమూ లేకుండా ఒంటరిగా ఆకాశాన్ని విశాలపరచినవాడు (44:24), ప్రతి మోకాలు తన యెదుటనే వంగునని ప్రమాణం చేసినవాడు (45:23). ఈ నాలుగు రిఫరెన్సులనూ బైబిలు అట్ట లోపలి పేజీలో రాసి పెట్టుకోండి, ఎందుకంటే కొత్త నిబంధన ఈ నాలుగింటినీ యేసు విషయంలో మళ్ళీ ఎత్తుతుంది. ఆ తరువాత మార్కు, ఆపైన పౌలు పత్రికలు, చివరికి యోహాను చదివితే, యోహాను కొత్త సంగతి కల్పించలేదని, ముందునుంచీ ఉన్నదాన్నే బాహాటంగా చెప్పాడని మీకే తెలుస్తుంది.

మార్కు సువార్తలో యేసు ఒక ప్రవక్త మాత్రమేనని, దైవత్వం తరువాత చేర్చిందని అంటారు. నిజమేనా?

మార్కులో జన్మవృత్తాంతం లేదు, "ఆదియందు వాక్యముండెను" వంటి పీఠిక లేదు. ఉన్నదంతా పరుగు పరుగున సాగే కథనం. అయినా మొదటి వాక్యాలు దాటకముందే మార్కు యెషయా 40:3ను ఉదహరిస్తాడు. యెషయాలో అరణ్యమందు సిద్ధపరచవలసిన మార్గం యెహోవాది. మార్కులో ఆ కేక వినబడగానే ఆ దారిన నడిచి వచ్చేది యేసు. ఈ ఒక్క విషయం గమనించినవారు మిగిలిన పుస్తకాన్ని వేరే కళ్ళతో చదువుతారు.

రెండవ అధ్యాయంలో కపెర్నహూములో పక్షవాయువు గలవాణ్ణి నలుగురు ఇంటికప్పు విప్పి మంచంతో సహా దించుతారు. వాడు నడవాలని వచ్చినవాళ్ళ ఎదుట యేసు ముందుగా వాడి పాపాలు క్షమించబడ్డాయంటాడు. అక్కడ కూర్చున్న శాస్త్రులు, దేవుడొక్కడే తప్ప పాపాలు క్షమించగలవాడెవడని తమలో తాము ఆలోచించుకుంటారు. ఆ తర్కంలో తప్పేమీ లేదు. వాడు యేసుకు చేసిన అపకారం ఏదీ లేదు, అక్కడ బలి లేదు, యాజకుడు లేడు, దేవాలయం ఎక్కడో యెరూషలేములో ఉంది. అయినా క్షమాపణ ఆ ఇంట్లోనే, ఆయన నోటి మాటతోనే వచ్చింది. వారి సూత్రం తప్పని యేసు అనడు. ఆ అధికారం తనకుందని రుజువుగా రోగిని లేపి పంపుతాడు.

మన ప్రాంతం వారికి అన్నిటికన్నా దగ్గరగా తగిలేది నాలుగవ అధ్యాయం చివర ఉన్న తుపాను. గలిలయ సముద్రం అని పిలిచినా అది సుమారు 21 కిలోమీటర్ల పొడవు, 13 కిలోమీటర్ల వెడల్పు ఉన్న మంచినీటి సరస్సు. సముద్రమట్టానికి 200 మీటర్లకు పైగా దిగువన, కొండల మధ్య ఉండడంవల్ల గాలి ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. ఆ దోనెలో ఉన్నవారిలో పేతురు, అంద్రెయ, యాకోబు, యోహాను వల వేసి బతికినవారే. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో కొబ్బరితోటలు నేలకొరిగిన తుపానును చూసినవారికి ఆ నలుగురి భయం ఎలాంటిదో వివరించనక్కరలేదు. అయితే మార్కు ఒక సంగతి పట్టి చూపిస్తాడు: గాలి అణగి, నీరు నిమ్మళించిన తరువాతనే "వారు మిక్కిలి భయపడి" ఈయన ఎవరో అని ఒకనితో ఒకడు చెప్పుకొంటారు. ప్రమాదం తప్పాక పుట్టిన ఆ భయం దేనికి? 107వ కీర్తన 23 నుంచి 30 వరకు చదవండి. ఓడలెక్కి వెళ్ళినవారు తుపానులో చిక్కి యెహోవాకు మొరపెడితే ఆయన తుపానును ఆపివేస్తాడు, తరంగాలు అణగిపోతాయి. మార్కులో శిష్యులు మొరపెట్టింది దిండు మీద తల పెట్టి నిద్రపోతున్న యేసుకు. ఆయన లేచి ప్రార్థన చేయలేదు, గాలిని గద్దించాడు. యోనా కూడా తుపానులో ఓడ అడుగున నిద్రపోయాడు, కాని సముద్రం నిమ్మళించాలంటే అతణ్ణి నీళ్ళలో పడవేయవలసి వచ్చింది. శిష్యులు వేసిన ప్రశ్నకు మార్కు అక్కడ జవాబు రాయలేదు. కీర్తన తెలిసిన పాఠకునికి వదిలేశాడు. ఆరవ అధ్యాయంలో యేసు నీళ్ళమీద నడిచి వచ్చే భాగాన్ని యోబు 9:8 పక్కన పెట్టి చదివితే ఇదే పద్ధతి మరోసారి కనబడుతుంది.

చివరికి విచారణలో ప్రధానయాజకుడు సూటిగా అడిగినప్పుడు యేసు దానియేలు 7:13ను, 110వ కీర్తన మొదటి వచనాన్ని కలిపి జవాబిస్తాడు (మార్కు 14:61-64). దేవుని కుడిపార్శ్వమున కూర్చుంటాననడం, ఆకాశమేఘాలతో వస్తాననడం వింటూనే ప్రధానయాజకుడు బట్టలు చింపుకొని దేవదూషణ అన్నాడు. ఆయన ఏమి చెప్పుకుంటున్నాడో ఆ సభకు బాగానే అర్థమైంది.

ఒకే దేవుడని ప్రాణం పెట్టి నమ్మే యూదులు ఒక మనిషిని ఎలా ఆరాధించగలిగారు?

ఈ విషయం మొత్తంలో మనం ఎక్కువసేపు ఆగి ఆలోచించవలసిన ప్రశ్న ఇదే. పౌలు కొరింథీయులకు మొదటి పత్రిక రాసేనాటికి యేసు సిలువ వేయబడి పాతికేళ్ళు నిండలేదు. ఆ పత్రిక ఎనిమిదవ అధ్యాయంలోని తగాదా మన ఊళ్ళలో ఇప్పటికీ వినబడేదే: పొరుగింటివారు గుడిలో నైవేద్యం పెట్టి తెచ్చి ఇచ్చినదాన్ని విశ్వాసి తినవచ్చునా? పౌలు ఆ తగాదా తీర్చబోతూ ముందుగా "మనకు ఒక్కడే దేవుడున్నాడు. ఆయన తండ్రి" అని, వెంటనే "మనకు ప్రభువు ఒక్కడే, ఆయన యేసుక్రీస్తు, ఆయనద్వారా సమస్తమును కలిగెను" అని రాస్తాడు (8:6). ద్వితీయోపదేశకాండములోని ఒప్పుకోలులో ఉన్న దేవుడు, ప్రభువు (యెహోవా అన్న పేరుకు బదులు గ్రీకు అనువాదం వాడిన మాట), ఒక్కడే అన్న మాటలు మూడూ ఇక్కడ ఉన్నాయి. ఒప్పుకోలు రెండుగా చీలలేదు, రెండో దేవుడు పక్కన వచ్చి చేరలేదు. ఆ ఒప్పుకోలు లోపలికే యేసును తీసుకువచ్చాడు. పైగా సృష్టి ఆయన ద్వారానే కలిగిందంటున్నాడు. యెషయా 44:24 ప్రకారం సృష్టించేటప్పుడు యెహోవా పక్కన సహాయకులెవరూ లేరని గుర్తు తెచ్చుకుంటే ఈ మాట ఎంత సాహసమో తెలుస్తుంది.

ఫిలిప్పీయులకు రాసిన పత్రిక రెండవ అధ్యాయం 6 నుంచి 11 వరకు ఉన్న భాగం పౌలుకు ముందే సంఘాల్లో పాడుకొన్న కీర్తన కావచ్చునని చాలామంది పండితుల అభిప్రాయం. అందులో క్రీస్తు "దేవుని స్వరూపము కలిగినవాడైయుండి", దాసుని స్వరూపమును ధరించుకొని తన్ను తానే రిక్తునిగా చేసికొని, సిలువమరణము పొందునంతగా తగ్గించుకొంటాడు. అందుచేత దేవుడాయనను హెచ్చించి ప్రతి నామమునకు పైనామమును అనుగ్రహిస్తాడు, ప్రతి మోకాలు ఆయన నామమున వంగుతుంది. అట్ట లోపల రాసుకున్న యెషయా 45:23 ఇదే. తన యెదుట తప్ప మరొకరి యెదుట మోకాలు వంగదని యెహోవా చేసిన ప్రమాణం యేసు ఎదుట నెరవేరుతున్నది, అదీ "తండ్రియైన దేవుని మహిమార్థమై." తండ్రి మహిమ తగ్గలేదని ఆ చివరి మాట స్పష్టం చేస్తున్నది. ఈ ఆరు వచనాలను కంఠతా పట్టించని అధ్యయనం సగం అధ్యయనమే.

ఆరాధన సంగతికి వస్తే, కొర్నేలీ కాళ్ళమీద పడినప్పుడు పేతురు అతణ్ణి లేవనెత్తి తాను కూడా మనుష్యుడనేనన్నాడు (అపొస్తలుల కార్యములు 10:25-26). యోహాను నమస్కరించబోతే దేవదూత వద్దని, దేవునికే నమస్కరించుమని అన్నాడు (ప్రకటన 22:8-9). అదే ప్రకటన గ్రంథం అయిదవ అధ్యాయంలో సృష్టియావత్తూ సింహాసనాసీనునికీ గొఱ్ఱెపిల్లకూ ఒకే స్తోత్రం చెల్లిస్తుంటే ఎవరూ అడ్డుచెప్పలేదు. మనుష్యులూ దూతలూ నిరాకరించిన దాన్ని యేసు స్వీకరించాడు.

"వాక్యము ఒక దేవుడై యుండెను" అని చదవాలని ఇంటికి వచ్చినవారు చెప్పారు. ఏమనాలి?

ఇది యెహోవాసాక్షుల అనువాదం. గ్రీకులో అక్కడ దేవుడు అన్న మాటకు ముందు నిర్దేశక పదం (ఇంగ్లీషులో "the" వంటిది) లేకపోవడమే వారి ఆధారం. అదే అధ్యాయంలో 6, 12, 13, 18 వచనాల్లో కూడా ఆ పదం లేదు, అక్కడ వారు కూడా "ఒక దేవుడు" అని చదవరు. వ్యాకరణం మీద వాదులాడే ఓపిక లేనివారు మూడవ వచనానికి వెళ్ళవచ్చు. కలిగినదేదియు ఆయన లేకుండ కలుగలేదని ఉంది. కలిగినవాటి జాబితాలో వాక్యము లేడని ఆ మాటతోనే తేలుతుంది. సువార్త చివర తోమా "నా ప్రభువా, నా దేవా" అన్నప్పుడు (20:28) యేసు అతణ్ణి సరిదిద్దలేదు. ఇంటికి వచ్చినవారిని మాత్రం గుమ్మంలో నిలబెట్టి మాట్లాడకండి. మజ్జిగ ఇచ్చి, కూర్చోబెట్టి, మొదటి పద్దెనిమిది వచనాలూ కలిసి చదవండి.

"సర్వసృష్టికి ఆదిసంభూతుడు" అంటే మొదట పుట్టినవాడనే కదా?

కొలొస్సయులకు 1:15 చదివి ఆగిపోతే అలాగే అనిపిస్తుంది. 16వ వచనం "ఏలయనగా" అని కారణం చెప్తున్నది: సర్వమూ ఆయనయందు, ఆయన ద్వారా, ఆయనను బట్టి సృజింపబడింది. 89వ కీర్తన 27వ వచనంలో దేవుడు దావీదును జ్యేష్ఠునిగా చేస్తానంటాడు. దావీదు యెష్షయికి కడగొట్టు కొడుకు. పుట్టుక వరుస కాక వారసత్వపు హక్కు, అధికారం అక్కడి భావం.

"తండ్రి నాకంటె గొప్పవాడు" అన్నాడు కదా? ఆ దినము కుమారుడు కూడా ఎరుగడన్నాడు కదా?

ఈ వచనాలను దాచిపెట్టే అధ్యయనం మీద నమ్మకం పెట్టుకోకండి. యోహాను 14:28, మార్కు 13:32, మార్కు 10:18, మొదటి కొరింథీయులకు 15:28 నాలుగింటినీ బాహాటంగా చదవాలి. సాధారణంగా వినబడే జవాబు "ఆయన మానవత్వాన్ని బట్టి అలా అన్నాడు" అన్నది. అది సరైన జవాబే, 451లో సంఘాధ్యక్షులు కూడిన కల్కెదోను సభ తేల్చింది కూడా ఒకే వ్యక్తిలో సంపూర్ణ దైవత్వం, సంపూర్ణ మానవత్వం ఉన్నాయనే. అయితే చదవకముందే ఆ జవాబు చెప్పేస్తే వచనం నోరు నొక్కినట్టవుతుంది. ముందు వచనాన్ని దాని చోట చదవాలి.

యోహాను 14లో యేసు తాను తండ్రియొద్దకు వెళ్తున్నందుకు శిష్యులు సంతోషించాలంటున్నాడు. పంపినవాడు, పంపబడినవాడు, తిరిగి వెళ్ళేచోటు అనే వరుసలో ఆ మాట వచ్చింది. అదే అధ్యాయంలో "నన్ను చూచినవాడు తండ్రిని చూచియున్నాడు" అని ఫిలిప్పుతో అన్నది కూడా ఆయనే. ఏ ప్రవక్తా ఈ రెండవ మాట అనలేడు, దేవదూత కూడా అనలేడు. మార్కు 13:32లో వరుస గమనించండి: మనుష్యులు, పరలోకమందలి దూతలు, కుమారుడు, తండ్రి. ఎరుగనితనం చెప్పే వచనంలోనే కుమారుడు దూతలకు పైన, తండ్రి పక్కన నిలబడ్డాడు. ఆ ఎరుగనితనం మాత్రం నిజమైనదే, నటన కాదు. పసివాడుగా పుట్టి, జ్ఞానమందును వయస్సునందును వర్ధిల్లినవాడు (లూకా 2:52) మనవంటి మనస్సుతోనే బతికాడు. యేసుకు ఆకలి, అలసట, కన్నీరు ఉన్నాయన్నది దైవత్వానికి ముప్పని భయపడి ఆ భాగాలను పైపైన దాటించేవారు, తెలియకుండానే ఆయన మానవత్వాన్ని కాదంటున్నారు. మొదటి శతాబ్దం చివర యోహాను పత్రికలు ఖండించింది సరిగ్గా ఆ పొరపాటునే: యేసుక్రీస్తు శరీరధారియై వచ్చెనని ఒప్పుకొననివారి గురించి ఆయన కఠినంగా రాశాడు (1 యోహాను 4:2-3).

మార్కు 10:18లో సత్పురుషుడెవరన్న ప్రశ్నకు జవాబు 21వ వచనంలో ఉంది. ఆజ్ఞలన్నీ పాటించానన్నవాడికి కొదువగా ఉన్న ఒక్కటి చెప్పబోతూ, ఉన్నదంతా అమ్మి బీదలకిచ్చి "నన్ను వెంబడించుము" అంటాడు.

325లో నీకయ సభలో చక్రవర్తి ఓటు పెట్టించి యేసును దేవుణ్ణి చేశాడని వీడియోల్లో చెప్తున్నారు. చరిత్ర ఏమంటుంది?

నీకయకు రెండు వందల ఏళ్ళకు ముందే, సుమారు 112లో బితూనియ అధిపతి ప్లినీ చక్రవర్తి ట్రాజానుకు రాసిన ఉత్తరంలో, క్రైస్తవులు తెల్లవారకముందే కూడుకొని క్రీస్తును దేవునిగా ఎంచి కీర్తన పాడుతున్నారని ఉంది. ప్లినీ క్రైస్తవుడు కాడు, వారిని విచారించి శిక్షించిన అధికారి. అదే కాలంలో అంతియొకయ అధ్యక్షుడు (బిషప్) ఇగ్నేషియస్ తన ఉత్తరాల్లో "మన దేవుడైన యేసుక్రీస్తు" అని రాశాడు.

నీకయలో చర్చకు వచ్చింది వేరే ప్రశ్న. అలెగ్జాండ్రియాలో సంఘపెద్దగా ఉన్న అరియసు కూడా కుమారుణ్ణి యుగాలకు ముందున్నవాడని, సృష్టికి సాధనమని గౌరవించాడు. అయితే కుమారుడు లేని సమయం ఒకటుందని, ఆయన తండ్రి చేసిన మొదటి సృష్టి అని బోధించాడు. సృష్టింపబడినవాణ్ణి ఆరాధించవచ్చునా అన్నది అసలు చిక్కు. తండ్రి తత్వమే కుమారుని తత్వమని సభ తీర్మానించింది, సంతకం పెట్టక నిలిచిన అధ్యక్షులు ఇద్దరు. చక్రవర్తి బలంతోనే ఇది నిలిచిందనేవారు తరువాతి యాభై ఏళ్ళ చరిత్ర చదవాలి. కాన్‌స్టాంటియస్ వంటి చక్రవర్తులు అరియసు పక్షంవారినే ఆదరించారు, నీకయ విశ్వాసం పట్టుకున్న అలెగ్జాండ్రియా అధ్యక్షుడు అథనాసియసు అయిదుసార్లు వెళ్ళగొట్టబడ్డాడు. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభనాటికి గాని ఆ వివాదం ఒక కొలిక్కి రాలేదు. ఇక బైబిలులో ఏ పుస్తకాలుండాలో నీకయలో తేల్చారన్నది వట్టిమాట.

"మీ యేసు కూడా ఒక అవతారమే కదా" అని పొరుగువారు ఆప్యాయంగా అంటారు. ఒప్పుకోవచ్చునా?

అంతర్వేది నరసింహస్వామి రథోత్సవానికి ఏటా వెళ్ళివచ్చే పొరుగింటి పెద్దాయన ఈ మాట అంటే అందులో గౌరవమే ఉంది. దాన్ని ఆ గౌరవంతోనే అందుకోవాలి. పోలిక కొంతవరకు సాగుతుంది, ఎందుకంటే ఇద్దరమూ దైవం మనుష్యుల మధ్యకు దిగివచ్చిందని చెప్తున్నాము. తేడా మూడుచోట్ల ఉంది. భగవద్గీత నాలుగవ అధ్యాయం ప్రకారం ధర్మం క్షీణించినప్పుడల్లా, యుగయుగాన భగవంతుడు అవతరిస్తాడు. హెబ్రీయులకు రాసిన పత్రిక క్రీస్తు ఒక్కసారే ప్రత్యక్షమయ్యాడని పదేపదే చెప్తుంది (9:26-28). రెండవది, దుష్టశిక్షణ కాక తానే దుష్టులవలె శిక్ష అనుభవించడం ఆయన వచ్చిన పనికి కేంద్రం. మూడవదాన్ని మనవాళ్ళే తరచుగా మరిచిపోతారు: ఆయన మానవత్వాన్ని పని ముగిశాక విడిచిపెట్టలేదు. లేచిన తరువాత చేతులూ పాదాలూ చూపించాడు (లూకా 24:39), ఆరోహణమైన ఎన్నో ఏళ్ళకు కూడా పౌలు ఆయనను "క్రీస్తుయేసను నరుడు" అనే పిలిచాడు (1 తిమోతి 2:5).

లుస్త్ర పట్టణంలో కుంటివాడు లేచి నడిచినప్పుడు జనం, దేవతలు మనుష్యరూపం తాల్చి దిగివచ్చారని కేకలు వేసి ఎడ్లనూ పూదండలనూ తెచ్చారు (అపొస్తలుల కార్యములు 14:11-15). బర్నబా, పౌలు బట్టలు చింపుకొని వారించారు. అపొస్తలులకు ఈ ఆలోచన పరిచయమే, తమ విషయంలో దాన్ని ఎంత తీవ్రంగా నిరాకరించారో, యేసు విషయంలో దానికి మించినదాన్ని అంత ధైర్యంగా ప్రకటించారు.

గోదావరి ఒక్కటే, పాయలు మూడు: త్రిత్వానికి (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒక్కడే దేవుడన్న బోధకు) ఈ పోలిక చెప్పవచ్చునా?

మన ప్రసంగాల్లో బాగా వినబడే పోలిక ఇది. ధవళేశ్వరం దాటాక గౌతమి, వసిష్ఠగా చీలి, వసిష్ఠ నుంచి వైనతేయ విడివడినా అన్నీ గోదావరే అంటారు. వినడానికి ఇంపుగానే ఉంటుంది గాని లేఖనానికి సరిపోదు. ఏ పాయలోనూ గోదావరి మొత్తం నీరు ఉండదు, తలా కొంత పంచుకున్నదే. కొలొస్సయులకు 2:9 "దేవత్వముయొక్క సర్వపరిపూర్ణత శరీరముగా క్రీస్తునందు నివసించుచున్నది" అంటుంది. దైవత్వంలో ఒక వాటా కాదు, సర్వపరిపూర్ణత. పోలిక కోసం తడుముకొనేకన్నా యేసు బాప్తిస్మాన్ని చదవడం మంచిది. కుమారుడు నీటిలోనుండి ఒడ్డుకు వస్తున్నాడు, ఆత్మ పావురమువలె దిగుతున్నది, తండ్రి స్వరం పైనుంచి వినబడుతున్నది (మత్తయి 3:16-17).

మా ఊళ్ళోనే నాలుగైదు సంఘాలు ఉన్నాయి. ఈ విషయంలో వారందరి బోధా ఒకటేనా?

చాలావరకు ఒకటే. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లాండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ నరసాపురం, పాలకొల్లు కేంద్రాలుగా చేసిన సేవనుంచి ఎదిగిన సహోదరుల (బ్రదరన్) సంఘాల్లో విశ్వాసప్రమాణాన్ని (నమ్మేవాటి సంగ్రహాన్ని) చదవరు, ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు. రాజమండ్రి కేంద్రంగా 1840ల నుంచి పనిచేసిన లూథరన్ల ఆరాధనలోను, కతోలికుల పూజలోను విశ్వాసప్రమాణం నోటితో చెప్తారు. కాకినాడ వైపునుంచి వచ్చిన బాప్టిస్టుల పద్ధతి వేరు. బాప్తిస్మం, ప్రభువు బల్ల, పరిచర్య విషయాల్లో ఎన్ని తేడాలున్నా యేసు నిజముగా దేవుడు, నిజముగా మనుష్యుడన్న దగ్గర వీరందరూ కలుస్తారు. పెంతెకొస్తు సంఘాల్లో ఎక్కువ భాగం కూడా అంతే.

యేసే తండ్రి, యేసే ఆత్మ అని బోధించి ఆయన నామమున మాత్రమే బాప్తిస్మమిచ్చే గుంపులు కొన్ని ఉన్నాయి. వారు దైవత్వాన్ని కాదనరు, తండ్రికీ కుమారునికీ మధ్య తేడానే కాదంటారు. యోహాను 17:5లో లోకము పుట్టకమునుపు తండ్రియొద్ద తనకున్న మహిమను గూర్చి కుమారుడు ప్రార్థిస్తున్నాడు. ఆ ప్రార్థనలో మాట్లాడేవాడు, వినేవాడు ఒక్కరే అయితే ప్రార్థనకు అర్థం ఉండదు.

వాడకూడని వచనాలు ఏవైనా ఉన్నాయా?

ఉన్నాయి. పరలోకమందు తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ అనే ముగ్గురు సాక్షులున్నారనే మాట ఇంగ్లీషు కింగ్ జేమ్స్ అనువాదంలో 1 యోహాను 5:7లో కనబడుతుంది. పాత గ్రీకు వ్రాతప్రతుల్లో అది లేదు. గ్రీకు కొత్త నిబంధనను అచ్చువేసిన పండితుడు ఎరాస్మసు 1516, 1519 ముద్రణల్లో దాన్ని చేర్చలేదు, ఒత్తిడి వచ్చాక 1522 ముద్రణలో చేర్చాడు. 1 తిమోతి 3:16లో "దేవుడు సశరీరుడుగా" అని ఇంగ్లీషులో చూసి వాదించేవారు మన తెలుగులో "ఆయన" అనే ఉందని గమనించాలి, పాత ప్రతుల పాఠమూ అదే. ఇవి లేకపోయినా పైన చెప్పిన ఆధారం ఇసుమంత కూడా తగ్గదు. అవతలివారికి తెలిసిన లోపాన్ని పట్టుకొని వాదానికి వెళ్ళడం మాత్రం తెలివితక్కువ.

కూడికలో దీన్ని ఎలా నడపాలి? చదవడం రానివారు కూడా ఉన్నారు.

ఒక కూడికకు ఒక భాగం చాలు. చదవగలిగినవారు పాత నిబంధన భాగాన్ని పెద్దగా చదవాలి, మరొకరు కొత్త నిబంధన భాగాన్ని చదవాలి, ఆపైన రెంటిలో వినబడ్డ ఒకే మాటలేమిటో వినేవారినే అడగాలి. చదువురాని పెద్దవాళ్ళకు జ్ఞాపకశక్తి ఎక్కువ. 107వ కీర్తన విన్న వారం తరువాత మార్కు 4 చదివితే ముందుగా పట్టుకునేది వాళ్ళే. సార్వా కోతలు, దాళ్వా నాట్లు ఒకదాని వెంట ఒకటి వచ్చే డిసెంబరు, జనవరి నెలల్లో కొత్త భాగం ఎత్తుకోకుండా ఫిలిప్పీ 2ను కంఠతా పట్టించండి. రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా ఉండేవారి కోసం కూడికను మధ్యాహ్నానికి మార్చుకోవలసి రావచ్చు. ఇతర మతస్థులు వచ్చి కూర్చుంటే వారికి కూడా ఒక భాగం చదవడానికి ఇవ్వండి, వారి ప్రశ్నను ఆ భాగంలోనుంచే చర్చించండి. ప్రశ్నకు ఆ రోజు జవాబు దొరకకపోతే రాసి ఉంచి, అయ్యగారినో సంఘపెద్దలనో అడిగి, వచ్చే కూడికలో మొదటి విషయంగా దాన్నే ఎత్తుకోండి.